కోయని కాడ

ఎండిన మొక్కలను అట్టలకు అంటించి బీరువాల్లో భద్రపరిచే ఆ సంస్థలో అందరూ ఆమెను పెద్దక్క అనేవారు. ఎండు కాడను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, బ్లేడుతో అడ్డంగా, వెలుతురు అవతలికి దూసుకుపోయేంత పల్చగా కోసి, రంగు వేసి గాజు పలక మీద పరచడం ఆమె పని. ఆ చేతికి తిరుగు లేదని పేరు. ఆ మాట ఎవరైనా అంటే మాత్రం ఆమెకు ఒంటి మీద జెర్రి పాకినట్టుండేది. ఎందుకో భర్తకు కూడా చెప్పుకోలేదు.

ఇరవై రెండేళ్ల క్రితం, ఒక చిన్న దీవిలో లైట్‌హౌస్ చూసుకునే మనిషి రెండు రకాల ఎండు మొక్కలనూ, విడిగా వాటి కాడలున్న రెండు కవర్లనూ పంపాడు. ఒకదాంట్లో ఒడ్డున పెరిగే తెల్లపూల మొక్క కాడలు, రెండోదాంట్లో కొండ మీది మొక్కవి. అట్టలకు అంటించి చూస్తే మొక్కలు రెండూ పైకి కవలల్లా ఉన్నాయి. ఆకులూ పూలూ చూసి ఏదీ తేల్చలేక, కాడ లోపల ఎలా ఉందో చూద్దామన్నారు అప్పట్లో సంస్థకు పెద్దగా ఉన్న మాస్టారు. మర్నాడే పెద్దక్కకు ఉద్యోగం పర్మనెంటు చేసే ఇంటర్వ్యూ. చేతులు కాడలు కోస్తున్నాయి, మనసు జవాబులు వల్లె వేస్తోంది. ఒడ్డు కవరులోంచి ఒక కాడ కోసింది. కాసేపాగి, కొండ కవరనుకుని మళ్లీ ఒడ్డు కవరులోంచే ఇంకోటి తీసి కోసి, ‘కొండ’ అని చీటీ అంటించింది. రెండు స్లైడులూ అచ్చుగుద్దినట్టున్నాయి. ఉండవూ మరి! రెండూ ఒకే జాతి అని మాస్టారు వ్యాసం రాసి పంపేశారు.

వారం తర్వాత సొరుగు సర్దుతుంటే వెనక్కి జారిపోయిన కొండ కవరు దొరికింది. అతికించిన మూత అతికించినట్టే ఉంది. తను రెండుసార్లూ ఒడ్డు కాడలే కోసిందని పెద్దక్కకు అర్థమైంది. మాస్టారు గది గుమ్మం దాకా వెళ్లి, ఆర్డరు చేతికొచ్చాక చెబుదాంలే అనుకుని తిరిగొచ్చింది. ఆర్డరు వచ్చేసరికి వ్యాసం అచ్చయింది. ఇక నోరు కుట్టేసుకుంది.

వ్యాసం చూసి లైట్‌హౌస్ ఆయన ఉత్తరం రాశాడు. కొండ మీది పువ్వు మధ్యాహ్నానికే ముడుచుకుంటుందని, ఒడ్డుది సాయంత్రం దాకా విచ్చుకునే ఉంటుందని, దయచేసి ఇంకోసారి చూడమని. దీపం చూసీ చూసీ ఆయనకు అన్నీ రెండుగా కనిపిస్తున్నాయని మాస్టారు నవ్వారు. గదిలో అందరూ నవ్వారు. పెద్దక్క కూడా నవ్వింది. తర్వాతి ఏళ్లలో ఆమెను లోలోపల ఎక్కువగా తినేసింది ఆ నవ్వే. అదే మొక్క ఒడ్డున బోలెడుంది కదా అని కొండ మీదివాటిని ఎవరూ పట్టించుకోలేదు. కొండ నెత్తిన చదును చేసి సిగ్నల్ టవరు కట్టారు.

మాస్టారు పోయారు. జన్యు పరీక్షలు చేసే అమ్మాయి ఒకతె కొత్తగా చేరింది. పాత అట్టల మీది ఆకు ముక్కలు తీసి పరీక్షిస్తే, ఆ రెండు మొక్కలూ తోబుట్టువులు కావు, దూరపు చుట్టాలని తేలింది. వారం రోజులు తల పట్టుకుని, చివరికి పెద్దక్క బల్ల దగ్గరికి వచ్చింది.

“పెద్దక్కా, నా పరీక్షేమో రెండు జాతులంటోంది. మీ స్లైడులేమో ఒకటే అంటున్నాయి. మీ చెయ్యి తప్పు చెయ్యదు కదా, తప్పు నా దగ్గరే ఉండుంటుంది. ఈ ఫలితం పక్కన పడేస్తున్నాను.”

పెద్దక్క బ్లేడు కింద పెట్టింది.

“పడేయకమ్మా. తప్పు నాది. తెలిసీ దాచాను.”

బీరువా అడుగునుంచి ఇన్నేళ్లూ విప్పని కొండ కవరు తీసి, ఆ అమ్మాయి ఎదుటే చించింది. కాడ నానాక కోస్తే మొదటి రెండు ముక్కలూ మందంగా వచ్చాయి. మూడో ముక్క కుదిరింది. కాడ నడుమ మెత్తటి దవ్వ చుట్టూ రాతిలా గట్టిపడిన కణాలు ఎర్రటి పూసల్లా వరసకట్టి ఉన్నాయి. ఒడ్డు మొక్కలో అవి ఒక్కటీ లేవు. జన్యువులూ కాడా ఒకే మాట చెప్పాయి.

సవరణ వ్యాసంలో ‘పొరపాటు జరిగింది’ అని రాస్తే చాలంది ఆ అమ్మాయి. పెద్దక్క ఒప్పుకోలేదు. పోయిన మాస్టారి మీద మచ్చ పడకూడదని, తను దాచిన సంగతి కూడా రాయించింది. పైవాళ్లు మెమో ఇచ్చారు. ఇంట్లో భర్త మెమో చదివాడు. “పక్కనే ఉన్నాను కదే, నాకైనా చెప్పలేకపోయావా?” అన్నాడు. మెమో కన్నా ఆ మాటే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

ఆ నెలలోనే పడవెక్కి దీవికి వెళ్లింది. లైట్‌హౌస్ ఆయన రిటైరై రేవు దగ్గర చిన్న ఇంట్లో ఉంటున్నాడు. అంతా విన్నాడు.

“నా ఉత్తరం చూసి నవ్వుకునుంటారు,” అన్నాడు.

“నవ్వామండీ. నేనూ నవ్వాను.”

ఆయన చేతికర్ర తీసుకుని ఆమెతో కొండ మీదికి బయల్దేరాడు. టవరు వెనక, కొండచరియ పగుళ్లలో పదకొండు మొక్కలు మిగిలి ఉన్నాయి.

“వందల్లో ఉండేవమ్మా. నా కళ్లే నన్ను మోసం చేశాయనుకుని ఇటు రావడం మానేశాను.”

క్షమించమని ఆమె అడగలేదు. ఆయనా ఆ ఊసెత్తలేదు. దిగేటప్పుడు మాత్రం, రాళ్లు జారతాయి జాగ్రత్త అంటూ కర్ర చివర ఆమెకు అందించాడు.

ఆ పదకొండింటి చుట్టూ కంచె పడేదాకా పెద్దక్క ఆఫీసుల చుట్టూ తిరిగింది. రిటైర్మెంటుకు మిగిలిన పదినెలలూ తన చేత్తో చేసిన ప్రతి స్లైడునూ దాని కవరుతో పోల్చి చూసుకుంది. ఇంకో రెండు చోట్ల చీటీలు తారుమారైనట్టు తేలింది. రెండిటి గురించీ దొరికిన రోజే పైవాళ్లకు రాసి ఇచ్చింది.