అవతలాయన కుర్చీ

మా సీనియరు గారు పోయారన్న కబురు ఏలూరు కోర్టు వరండాలో, నా కేసు పిలుపు కోసం ఎదురుచూస్తుండగా తెలిసింది. ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశాను. కేసు పిలిచాక లోపలికెళ్లి వాదించే వచ్చాను. మానేసి పరిగెత్తుకొస్తే ఆయనే కోప్పడేవారు.

ప్లీడరుకి గొంతు ఉంటే చాలనుకుని ఆయన దగ్గర చేరాను. ఆయన ముందు చెవులు పనిచెయ్యాలన్నారు. ఆఫీసులో క్లయింటుకి ఎదురుగా ఒక పేము కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉండేది. అది అవతలాయన కుర్చీ. దావా రాసేముందు జూనియరు అందులో కూర్చుని, ప్రతివాది తరఫున మాట్లాడి, మన క్లయింటుకే చెమటలు పట్టించాలి. "మీరసలు ఎవరి ప్లీడరండీ?" అని జనం నా మీద విరుచుకుపడేవారు. సీనియరు గారు మాత్రం కళ్లజోడు తుడుచుకుంటూ ముసిముసిగా నవ్వేవారు.

గణపవరం వైపు నుంచి ఒక రైతు వచ్చిన రోజున నేను ఆ తతంగం ఎగ్గొట్టాను. పక్కాయన చేపల చెరువు ఊట దిగి ఈయన ఎకరన్నర వరిచేను కుళ్లిపోతోంది. ఆ ఇంటికి తిండి పెట్టేది అదొక్కటే. ఇంకా ప్రశ్నలేమిటని జాలిపడి గబగబా దావా రాసేశాను. తీరా కోర్టులో అవతలి ప్లీడరు గారు ఒక కాగితం తీశారు. చెరువు తవ్వుకోవడానికి అభ్యంతరం లేదంటూ మా రైతు పెట్టిన సంతకం!

వెనక నుంచి సీనియరు గారు లేచారు. "తప్పు మాదేనండి. అడగవలసింది మేం అడగలేదు. వాయిదా ఇప్పించండి" అన్నారు. ముప్పై ఏళ్లు సంపాదించుకున్న పేరుని నా తప్పుకి అడ్డం పెట్టేశారు. బయటికొచ్చాక, ఎందుకు చెప్పలేదయ్యా అని రైతునడిగితే, మీరడగలేదు కదండీ అన్నాడు తాపీగా. సీనియరు గారు నా వైపు తిరిగి, "ఆ రోజు కుర్చీ ఖాళీగా వదిలేశామమ్మా" అన్నారంతే. రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

ఆ ఆదివారం, అవతలి ప్లీడరు గారిని కూడా వెంటబెట్టుకుని, అందరం చెరువుగట్టుకి వెళ్లాం. చెరువు గలాయన్ని సీనియరు గారు గంటసేపు మాట్లాడనిచ్చారు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు. సంతకం తీసుకున్నప్పుడు చేనుకీ చెరువుకీ మధ్య ఊటకాలువ తవ్విస్తానని మాటిచ్చిన సంగతి, అడక్కుండానే ఆయన నోటంట వచ్చింది. కాలువ పడింది. దాళ్వా పంటకి చేను నిలబడింది. దావా వెనక్కి తీసుకున్నాం.

నేను ఏలూరు నుంచి వచ్చేసరికి సీనియరు గారిని ఆఫీసు గదిలోనే పడుకోబెట్టారు. గది నిండా జనం. పేము కుర్చీ సంగతి అందరికీ తెలుసు గనక అందులో ఎవరూ కూర్చోలేదు. మధ్యాహ్నం మా రైతు వచ్చాడు. అదే బండి మీద వెనక కూర్చుని చెరువు గలాయన కూడా వచ్చాడు. లోపలికి రావచ్చో లేదోనని గుమ్మంలోనే ఆగిపోయాడు. నేను వెళ్లి పేము కుర్చీ ముందుకి జరిపాను.

"కూర్చోండి. మీకోసం వేసిందేనండీ" అన్నాను.

ఆయన కుర్చీ అంచున బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు. ఏమైనా అడుగుతారేమోనన్నట్టు, సీనియరు గారి మొహంలోకే చూస్తూ.