పెంచలయ్య నీరా, నా సీసా

1961 వేసవిలో నెల్లూరు కోర్టులో సాక్షిగా నిలబడి నేనొక మాట దాచాను. ఎవరూ అడగలేదు గనక చెప్పలేదని ఏడేళ్లు సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. అడుగుతారేమోనని ఆ రోజంతా భయపడ్డాను.

అప్పుడు మద్యనిషేధం ఉండేది. నీరా గీస్తే లైసెన్సు, కల్లు గీస్తే జైలు. రెండూ ఒకే తాటిచెట్టు రసం. తెల్లవారి దించినప్పుడు తియ్యని నీరా. సూక్ష్మజీవులు పెరిగి పులిస్తే కల్లు. తొందరగా పులవకుండా నీరా ముంత లోపల సున్నం పూస్తారు. ఆ నమూనాలు పరీక్షించే ఒక చిన్న లేబొరేటరీలో నేను అసిస్టెంటును. నమూనాలు పట్టే నిషేధశాఖవాళ్లకు సీసాలు కడిగించి పంపడమూ నా పనే.

బోగోలు పక్కన గీసే పెంచలయ్య నీరాను ఆ శాఖవాళ్లు ఉదయం ఆరింటికి మేము పంపిన సీసాలో పోసి సీలు వేశారు. సైకిలు మీద కావలికి, అక్కణ్ణించి రైల్లో నెల్లూరికి, మా బల్ల మీదికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. బిరడా తీస్తే నురగ పొంగింది. మా ఫారంలో ఆల్కహాలుకు రెండే గళ్లు: ఉంది, లేదు. ఎప్పుడు పుట్టిందో రాసే గడి లేదు. ఎనిమిది గంటలు ఎండన పడ్డ సీసాను చూసి చెట్టు మీద ముంతలో ఏముందో తేల్చే ఆ ఫారాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

‘ఉంది’ అని రాశాను గానీ మనసొప్పలేదు. పులియబెట్టే సూక్ష్మజీవులు ఇన్ని నిమిషాలకు రెట్టింపు అనే లెక్కన పెరుగుతాయి. లాగ్ గ్రాఫ్ కాగితం మీద ఒక్కో మెట్టూ పదిరెట్లు; ఆ పెరుగుదల దాని మీద సరళరేఖగా వస్తుంది. దాన్ని ముందుకు పొడిగిస్తే ఏ గంటకు పులుస్తుందో చెప్పవచ్చు. ఒకరోజు ఉదయమే తాజా నీరా తెప్పించి రెండు సీసాల్లో పోశాను. ఒకటి ఆవిరిలో ఉడికించింది. రెండోది మేము రోజూ పంపే రకం, అంటే పట్టుబడ్డ కల్లు వచ్చిన సీసానే నీళ్లతో తొలిపింది. గంటగంటకూ కొంత తీసి, గాజుపళ్లాల్లో పెంచి, సూక్ష్మజీవుల గుంపులు లెక్కపెట్టి గీతలు గీశాను. ఉడికించిన సీసా గీత, పులుపు మొదలయ్యే చోట నేను పెట్టుకున్న గుర్తును సాయంత్రానికి గానీ దాటలేదు. తొలిపిన సీసాది మధ్యాహ్నం లోపే దాటింది. కల్లు ముంతలో లేదు, నా సీసా అడుగున ఉంది.

గ్రాఫు చూపిస్తే మా లేబొరేటరీ సూపరింటెండెంటు నవ్వాడు. "ఈ ముగ్గులు కోర్టులో ఎవరిక్కావాలయ్యా? మన సీసాలే మురికివని మనమే రాసిస్తే, ఇప్పటిదాకా శిక్షలు పడినవాళ్లంతా రేపు మన గుమ్మంలో ఉంటారు" అన్నాడు.

ఉండాల్సిందే కదా! అనుకుంటూనే కాగితం మడిచి సొరుగులో పెట్టాను.

కోర్టులో పెంచలయ్య ఒక్కటే అన్నాడు. "అయ్యా, ఆ పొద్దు అదే ముంతలోది నా బిడ్డకు తాగిచ్చినాను. కల్లయితే తాగిస్తానా?"

రిపోర్టు మీదేనా అని నన్నడిగారు. నాదే అన్నాను. రెండు నెలల జైలు పడింది, లైసెన్సు పోయింది.

ఆ తర్వాత సీసాలన్నీ ఉడికించే పంపించాను. గడి లేకపోయినా ప్రతి ఫారం మీదా సీలు వేసిన గంట, పరీక్షించిన గంట రాస్తున్నాను. గంట చెప్పని అంకె సాక్ష్యం కాదని ఈ కేసు నాకు నేర్పింది. కానీ అది నేర్చుకోవడానికి జైలుకు పోయింది నేను కాదు.

1968లో, ఆ సూపరింటెండెంటు రిటైరయ్యాక, గ్రాఫు జతచేసి పైవాళ్లకు రాశాను. ఫైలు మూసేశామని ఒక్క వాక్యం జవాబొచ్చింది. ఆయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నోరెత్తని నాకు వాళ్లను తిట్టే హక్కూ లేదు. బోగోలు వెళ్లాను.

పెంచలయ్య ఉప్పు మూటలు మోస్తున్నాడు. నేను చెప్పిందంతా విని, మూట దించకుండానే అన్నాడు: "నాకు చెప్తే ఏముంది సార్? నేను దించింది నీరా అని నాకు తెలీదా? మావోళ్లంతా నీరా పోసే షెడ్డు కాడికి రాండి. నన్ను దొంగకల్లోడా అని పిలిచేవోళ్లు ఆడ ఉండారు."

వెళ్లాం. గీతకార్మికులు పదిమంది దాకా ఉన్నారు. గ్రాఫు తీయబోయి జేబులోనే ఉంచేశాను.

"పెంచలయ్యన్న దించింది నీరానే. కల్లు నేను పంపిన సీసాలో ఉండింది. అది తెలిసీ కోర్టులో చెప్పలేదు" అని, ఆయన వైపు తిరిగి చేతులు జోడించాను. "తప్పు నాది. నన్ను క్షమించన్నా."