దొంగ తరాజు గల్లీ

మా చిన్నప్పుడు... కూరగాయలు కొంటే రెండు రెమ్మల కరివేపాకు ఊరికే వేసేవాళ్లు. నిన్న చేవెళ్ల అంగట్లో అడిగితే ఆ పిల్లగాడు నన్ను ఎగాదిగా చూశాడు. "తాతా, కరివేపాకు ప్యాకెట్ల ఉన్నది, కొనుక్కో" అన్నాడు. రెండు రెమ్మలండీ! నేనేమన్నా వాడి పొలం రాసిమ్మన్నానా?

సరే... కొసరు మాట వచ్చింది కాబట్టి లచ్చవ్వ గురించి చెప్పాలి.

లచ్చవ్వ మా గల్లీ మొదట్లో గోనెపట్టా పరిచి పుట్నాలు, పల్లీలు అమ్మేది. చేతిలో తరాజు... అదే, తాళ్లకు వేలాడే రెండు పళ్లాల తక్కెడ. తూచాక పిల్లలకు ఇంకో గుప్పెడు కొసరు. నాకైతే జేబు పట్టి లాగి మరీ పోసేది.

"కోతి మొహపోడా, గివి తిని జర బుద్ధిగ సదువుకో" అనేది.

పల్లీలు తిన్నాను. చదువు సంగతి ఐదో తరగతిలోనే తేలిపోయింది.

ఒక అంగడి రోజు... గల్లీ నిండా జనం. ఆలూరు నుంచి వచ్చిన ఒకాయన పుట్నాలు తూయించుకుంటూ, సరుకు పళ్లెం కింద చెయ్యి పెట్టి చూశాడు. అడుగున చింతపండు ముద్ద అంటుకుని ఉంది. ముద్ద బరువు కూడా పుట్నాల లెక్కలోకే పోతుందన్నమాట.

"ఏందవ్వా గిది? గిన్నొద్దులు గిట్లనే తూసినవా?"

"నా బిడ్డ మీద ఒట్టు బాపు... నేను పెట్టలే. నాకు ఎరుకనే లేదు."

ఎవరు వింటారు? పెద్దవాళ్లు తిట్టారు. పిల్లలం "దొంగ తరాజు... దొంగ తరాజు..." అని అరుచుకుంటూ తిరిగాం. అందరికంటే నా గొంతే పెద్దది. కొన్నాళ్లకు గల్లీకి అదే పేరైపోయింది. లచ్చవ్వ మళ్లీ అక్కడ కూర్చోలేదు... గంపెత్తుకుని, బస్సెక్కి, మొయినాబాద్ పోయి అమ్ముకుంది.

ఇప్పుడేమో మా మనవరాలు స్రవంతి, దాని దోస్తులు కలిసి ఒక పని మొదలుపెట్టారు. ఊరి నడుమ ఏ గల్లీ చూసినా అవే షట్టర్లు, అవే ఫ్లెక్సీలు... ఏది ఏదో తెలియట్లేదట. అందుకని ఒక్కో గల్లీకి ఒక్కో రంగు, దాని పాత పేరు, గోడ మీద ఒక బొమ్మ. పాత పేర్లన్నీ నన్నే అడిగింది. గాజుల గల్లీ, కుట్టుమిషన్ల గల్లీ... మీసం దువ్వుకుంటూ చెప్పాను. ఈ గల్లీ దగ్గరికి వచ్చేసరికి నాకు దగ్గొచ్చింది. నేను చెప్పకపోతేనేం... ఊరంతా చెప్పింది.

గోడకు పసుపు రంగు వేశారు. సుద్దతో ఒక పక్కకు ఒరిగిన తరాజు గీసి, కింద ఆ పేరు రాశారు. ఆదివారం రంగు నింపుతారు. మా పక్కింటి సుబ్బారావు గారు "భలే క్యాచీగా ఉందండీ పేరు!" అని దాని ముందు ఫొటో దిగారు. ఆయన మా ఇంట్లో మాడిన జొన్నరొట్టెను కూడా భలే అన్నారు లెండి.

ఆ గోడ లచ్చవ్వ కూతురు మల్లమ్మది. మొన్న స్రవంతి ఆమెను అడుగుతుంటే నేనూ పక్కనే ఉన్నాను.

"అవ్వా, నీ గోడ మీద గీ పేరు రాస్తున్నం... నీకు ఇష్టమేనా?"

"రాయిండ్రి బిడ్డా. అందరి నోట్ల ఉన్నదే గద. మా అమ్మ అసొంటిది గాదు... పానం పొయ్యేదాక చెప్పింది. ఎవలు నమ్మిండ్రు?"

నా చేతికి చాయ్ గ్లాసు ఇచ్చి, "నువ్వన్న నమ్ముతవా అన్నా?" అంది.

తల ఊపాను. చాయ్ తాగకుండానే గ్లాసు అరుగు మీద పెట్టేశాను.

మా చిన్నప్పుడు గల్లీ పేరు చెబితే అక్కడి మనుషులు కళ్లముందుకొచ్చేవాళ్లు... ఇప్పుడు పేరు మిగిలింది, మనిషి పోయింది. మీ ఊళ్లోనూ ఇట్లాంటి పేర్లుంటే కింద రాయండి. కానీ నవ్వుకునే ముందు, ఆ పేరు ఎవరిని ఏడిపించిందో జర అడగండి...

స్రవంతీ, ఇది నువ్వు ఫోన్లో చూస్తావని తెలుసు. ఆ సుద్ద గీతలు తుడిచెయ్యి. లచ్చవ్వ గల్లీ అని రాయి. తరాజు బొమ్మ ఉండనీ... పళ్లాలు మాత్రం సమానంగా గియ్యి. రేపు పొద్దున్నే మల్లమ్మ ఇంటికి పోయి నేనే చెబుతాను.

ఆ రోజు లచ్చవ్వ నా జేబులో కొసరు పల్లీలు పోస్తుంటే... రెండో చేత్తో పళ్లెం కింద చింతపండు అంటించింది నేనే.