ఉతకొద్దన్న ప్యాంటు

ముక్తేశ్వరంలో మా బట్టలు ఉతికే తాతారావుకి మురికి కనిపిస్తే చెయ్యి ఊరుకునేది కాదు. అరుగు మీద కూర్చున్నవాళ్ళ భుజాన మాసిన కండువా ఉన్నా లాక్కుని మూటలో పడేసేవాడు. అలాంటి మనిషింట్లోకి, ఎనభై రెండులో, ఉతక్కూడని బట్ట ఒకటి వచ్చింది.

కొడుకు నూకరాజు కొబ్బరికాయల లారీ డ్రైవరు. బొంబాయిలో జీను ప్యాంటు కొనుక్కొచ్చాడు. ముదురు నీలం, అట్టముక్కలా బిరుసు.

"నాన్నా, దీన్ని నీళ్ళలో పెట్టకు. ఏసుకోగా ఏసుకోగా నా ఒంటికి తగ్గట్టు రంగు దిగుద్ది," అన్నాడు.

"చాకలోడి కొడుకువై ఉండి ఇదేం మాటరా," అని గొణిగాడు గానీ తాతారావు దాన్ని ముట్టుకోలేదు. ఊళ్ళోవాళ్ళు ఊరుకుంటారా? "రేవు ఎండిపోయిందా తాతారావూ," అని ఒకటే ఆటపట్టించడం. వాళ్ళ నోళ్ళు పడిపోను.

ఏడాది తిరిగేసరికి నూకరాజు ఆ ప్యాంటు మీద అచ్చుపడిపోయాడు. స్టీరింగు ముందు కూర్చుని కూర్చుని తొడల మీద తెల్లచారలు, మోకాళ్ళ దగ్గర వెలిసిన మచ్చలు, కుడిజేబు మీద అగ్గిపెట్టె గుర్తు. తల్లి సుందరమ్మ వాటిని చూసుకుని మురిసిపోయేది.

ఒక ట్రిప్పుకి దాన్ని చిలక్కొయ్యకి తగిలించి, ఖాకీ బట్టల్లో వెళ్ళాడు. తుని దాటాక లారీ బోల్తాపడింది. పిల్లాడు మరి తిరిగి రాలేదు.

పెద్దదినానికి ముందు ఇంట్లో బట్టలన్నీ మైల వదలాలి. సుందరమ్మ ప్యాంటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"దీన్నొక్కదాన్నీ వదిలెయ్యయ్యా. వాడిందులోనే ఉన్నాడు."

"ఊరందరి మైలా కడిగినోణ్ణి. నా బిడ్డకి కడక్కపోతే వాడికి దారి దొరుకుద్దా?"

ఆ మాటకి ఆమె చేతులు సడలాయి.

కొడుకు బట్ట కదా, మామూలుగా ఉతకలేదు తాతారావు. సోడా వేసి బానలో ఉడకబెట్టాడు. ఏడుస్తూ బండకేసి బాదాడు. ఆరాక చూస్తే ప్యాంటంతా ఒకటే పాలిపోయిన నీలం. చారలు లేవు, అగ్గిపెట్టె లేదు. సుందరమ్మ దాన్ని తిరగేసి మరగేసి చూసి పక్కన పెట్టింది. ఆ రోజునుంచి మొగుడితో మాట మానేసింది.

తరవాత తాతారావు ఆ ప్యాంటు తనే తొడుక్కున్నాడు. నడుముకి తాడు కట్టి, అంచులు మడిచి ఊరంతా తిరిగేవాడు. నీళ్ళలో దిగేముందు విప్పి గట్టు మీద పెట్టేవాడు. ముసలాడికి మతిపోయిందని జనం నవ్వుతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. ఎందుకలా అని అడిగాను.

"మళ్ళీ ఆ చారలొస్తాయేమోనండి. వస్తే ఆవిడ చేతిలో పెడదామనండి."

చుట్ట ముట్టని మనిషి, జేబులో అగ్గిపెట్టె వేసుకు తిరిగాడు.

నెలలు గడిచాయి. ఒక సాయంత్రం ఇస్త్రీబట్టల కోసం వెళితే, తాతారావు ఆ ప్యాంటు భార్య ముందు పరుస్తున్నాడు. చారలొచ్చాయి. అగ్గిపెట్టె గుర్తూ వచ్చింది. సుందరమ్మ వేళ్ళు జేబు మీదినుంచి మెల్లగా కిందికి దిగి, మోకాళ్ళ దగ్గర ఆగాయి. నూకరాజు పొడగరి. మచ్చలు బెత్తెడు పైన పడ్డాయి.

"ఇయ్యి నీ మోకాళ్ళయ్యా," అంది.

"అవునే," అన్నాడు తాతారావు.