సంఘంలో చెప్పని నొప్పి

మా సంఘంలో ఆదివారం ఆరాధన ముగిసే ముందు పాస్టరుగారు ప్రార్థన మనవులు అడుగుతారు. ఏ కష్టమున్నా లేచి చెప్పుకోవాలి. సంఘ పెద్దగా నేనే ముందు లేచేవాణ్ణి. విశ్వాసి ఇంట్లో దాపరికం ఉండకూడదని నా నమ్మకం. నా భార్య మోకాళ్ల నొప్పి, నా షుగరు, చివరికి మా వాడు పక్క తడపడం కూడా అందరి ముందు పెట్టాను. ఆ రోజు ఆడవాళ్లు నవ్వారు. వాడు తల్లి కొంగులో మొహం దాచుకున్నాడు.

వాడికి పన్నెండేళ్లప్పుడు ఒక శనివారం తెల్లవారుతూనే నొప్పితో లేచాడు. ఎక్కడ అంటే కడుపులో అన్నాడు. వాంతి చేసుకున్నాడు. వాళ్లమ్మ వాము నీళ్లు తాగించింది. నేను పొట్టమీద నూనె రాసి, చేతులుంచి ప్రార్థించాను. వాడు మోకాళ్లు ముడుచుకునే ఆమేన్ అన్నాడు.

మధ్యాహ్నానికి కాళ్లు ఎడంగా పెట్టి నడుస్తుంటే ఆళ్లగడ్డలో మాకు తెలిసిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నన్ను తెర ఇవతల నిలబెట్టి పరీక్ష చేశాడు. "కడుపు ఇంత కిందికి జారిందేందప్పా నీకు?" అని వాడితో అనడం వినపడింది. వాడు నవ్వలేదు. ఆయన బయటికొచ్చి, ఒక వృషణం బాగా వాచిందని, ఎక్కడా ఆగకుండా నంద్యాల పొమ్మని చెప్పాడు.

నంద్యాలలో స్కానింగ్ చేసిన డాక్టరమ్మ మిషను తెరను నా వైపు తిప్పింది. ఒక వైపు ఎరుపు, నీలం చుక్కలు మిణుకుమంటున్నాయి.

"రంగులుండాయి చూడండి, అది నెత్తురు పారడం. ఈ పక్క ఏమీ ల్యా."

ఆ పక్క ఉత్త బూడిదరంగు. వృషణానికి నెత్తురు తెచ్చే నరాల తాడు మెలిపడిందట. దెబ్బ తగలకపోయినా, నిద్రలో కూడా అలా జరుగుతుందట. మొదటి కొన్ని గంటల్లో మెలి విప్పితే దక్కుతుందట. సిగ్గుతో పిల్లలు కడుపునొప్పి అనే చెబుతారని, చాలామంది ఇలాగే ఆలస్యంగా వస్తారని అంది. నన్ను మాత్రం ఏమీ అనలేదు.

సాయంత్రం ఆపరేషన్ చేసి దాన్ని తీసేశారు. రెండోది మెలిపడకుండా కుట్టు వేశారు. ఒకటున్నా చాలు, పెద్దయ్యాక పెళ్లికీ పిల్లలకూ మామూలుగా ఇబ్బంది ఉండదని సర్జన్ చెప్పాడు. నేను తలూపాను. వాళ్లమ్మ తలూపలేదు.

మత్తు దిగాక వాడి పక్కన కూర్చున్నాను.

"పొద్దున్నే ఎందుకు చెప్పల్యారా?"

వాడు గోడవైపు చూస్తూ అన్నాడు. "చెప్తే నువ్వు సంఘంలో లేచి చెప్తావు కదా నాయనా."

బైబిల్లో, మందిరంలో పెదవులు మాత్రమే కదిలిస్తూ, స్వరం వినపడకుండా ప్రార్థించిన స్త్రీ గురించి నేను ఎన్నోసార్లు బోధించాను. దేవుడు ఆమె మనవి విన్నాడు. తాగి ఉందనుకుని ఆమెను తప్పుపట్టినవాడు ఆ మందిరపు యాజకుడు. వరండాలోకి పోయి ఏడ్చాను.

వాడు నడవగలిగాక వచ్చిన మొదటి ఆదివారం, చర్చిలో నా పక్కన చాపమీద కూర్చున్నాడు. ఆపరేషన్ అయిందని అందరికీ తెలుసు. దేనికో తెలియదు. మనవులు అడుగుతూ పాస్టరుగారు నా వైపు చూశారు. వాడి వేళ్లు నా చొక్కా అంచు పట్టుకున్నాయి. నేను లేవలేదు.

వెనక నుంచి ఒక అవ్వ, "పిల్లోనికి ఏమైందో చెప్పప్పా, ప్రార్థన చేస్తాం" అంది.

"దేవునికి తెలుసులే అవ్వా" అన్నాను.

అందరూ తలలు వంచారు. ప్రార్థన ముగిసేదాకా వాడు నా చొక్కా వదల్లేదు.