తగ్గుదల సంఘం

ఆ రోజుల్లో, అంటే అరవైల చివర్లో, మా పలాస వైపు పనీపాటా లేకుండా నడిచే మనిషిని జనం అనుమానంగా చూసేవారు. గేదె తప్పిపోయిందేమో, ఇంట్లో గొడవయిందేమో, కొంపదీసి రైలు కింద పడడానికి వెళుతున్నాడేమో అని ఆరా తీసేవారు. అలాంటి కాలంలో నలుగురు లావుపాటి మగవాళ్ళు తెల్లవారగానే కాశీబుగ్గలో బయలుదేరి, పట్టాల వెంబడి సుమ్మాదేవి వైపు కొంతదూరం ఊరికే నడిచి, ఊరికే వెనక్కి వచ్చేవారంటే ఎంత వింతో ఊహించుకోండి. ఆ నలుగురిలో నేనొకణ్ణి. కొత్తగా గుమాస్తా ఉద్యోగం, కావలసిన పెళ్ళి, అక్కర్లేని బొజ్జ. (ఆఫీసులో నాకిచ్చిన కుర్చీకి చేతులు ఊడదీయించాల్సి వచ్చింది. ఆ సంగతి పెళ్ళివారికి ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలీదు.) రెండోవాడు మా బావ, మా అక్క మొగుడు, ప్రాథమిక పాఠశాలలో మేష్టారు. నేను వాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి. మూడోవారు కోవెల పంతులుగారు. నాలుగోవాడు జీడిపప్పు షావుకారు.

సంఘం పుట్టింది ఒక జట్కా గుర్రం వల్ల. ఒకసారి టెక్కలిలో పెళ్ళి చూసుకుని నలుగురం పలాస స్టేషన్లో దిగి జట్కా ఎక్కాం. గుర్రం కదల్లేదు. జట్కావాడు అదిలించాడు, బతిమాలాడు. అది ఒకసారి మెడ తిప్పి మమ్మల్ని చూసి మళ్ళీ తల దించుకుంది. "బావూ, ఒకలు దిగాల. ఎవలు దిగుతారో మీరే తేల్సుకోండి" అన్నాడు వాడు. దిగినవాడే అందరికన్నా లావని ఒప్పుకున్నట్టు కాబట్టి ఎవరూ దిగలేదు. చివరికి బావే నవ్వుతూ దూకి, "రండిరా, అందరమూ దిగిపోదుము. గుర్రానికైనా పుణ్యముంటాది" అన్నాడు. ఇంటికి నడుస్తున్న ఆ దారిలోనే, ఆయాసపడుతూ, తగ్గుదల సంఘం పెట్టేశాడు. పేరు కూడా ఆయనే పెట్టాడు.

నియమాలు రెండే. రోజూ నడవాలి, శనివారం శనివారం షావుకారి కొట్లో బస్తాలు తూచే కాటాలో కూర్చోవాలి. ఒకవైపు పళ్ళెంలో మఠం వేసుకుని, రెండు చేతులా తాళ్ళు పట్టుకుని మేం గాలిలో వేలాడుతుంటే, షావుకారు రెండోవైపు ఇనపరాళ్ళు పేర్చేవాడు. కిలోలు వచ్చేసినా మా నోళ్ళలో ఇంకా వీశెలే నడిచేవి. అరవీశె తగ్గినా సరే, ఆ మనిషి మెడలో పంతులుగారు కోవెలనించి తెచ్చిన కనకాంబరం దండ పడేది, మిగిలినవాళ్ళం చప్పట్లు కొట్టేవాళ్ళం, జీడిపప్పు ఏరే ఆడవాళ్ళు పని ఆపి మరీ నవ్వేవారు. ఆ తరవాత తగ్గిన ఆనందంలో పక్క హోటల్లో వేడివేడి పకోడీ తినేవాళ్ళం. వచ్చే శనివారానికి నేనూ పంతులుగారూ మళ్ళీ మొదటికే వచ్చేవాళ్ళం. అయినా ఎవరూ ఎవరినీ ఎగతాళి చేయలేదు. పెరిగినవాడి భుజం తట్టి, "పోనీ నాయనా, వచ్చే వారం చూద్దాం" అనేవారు పంతులుగారు, తన బొజ్జ నిమురుకుంటూ.

బావ ఒక్కడే వారం వారం తగ్గుతూ వచ్చాడు. మాతో సమానంగా, ఒక్కోసారి మాకన్నా ఎక్కువే తినేవాడు. అయినా తగ్గేవాడు. నాకు అసూయగా ఉండేది. ఆయన చొక్కాలన్నీ అక్క మిషను మీద కుట్లు వేసి బిగించేది. కుళాయి దగ్గర ఆడవాళ్ళతో, "మా ఆయన్ని సూసినారా? పెళ్ళినాడు కూడా ఇలగ లేడు" అని మురిసిపోయేది. బళ్ళో పిల్లలు కూడా, "మేష్టారూ, సినిమావోడిలాగున్నారు" అన్నారట. దానికాయన వారం రోజులు క్రాపు దువ్వుకున్నాడు.

ఆయన రహస్యం కనిపెట్టాలని సంఘం తీర్మానించింది. నాలుగు రోజులు కాచి చూసి పంతులుగారు తేల్చారు, నీళ్ళని. నిజమే, బావ చెంబులకి చెంబులు నీళ్ళు తాగేవాడు. నడకలో కనిపించిన ప్రతి నూతి దగ్గరా ఆగేవాడు. "ఏటోరా, గొంతుక ఊరికే ఆరిపోతంది" అనేవాడు. ఇంకేం, మేమూ మొదలుపెట్టాం. నడక నడక కాకుండా పోయి, పొదలనించి పొదలకి పరుగయింది. పంతులుగారయితే అర్చన మధ్యలో గంట నాకిచ్చి, "నాయనా, వాయిస్తూ ఉండు, ఇప్పుడే వస్తా" అని వెళ్ళిపోయారు. ఆయన వచ్చేదాకా వాయిస్తూనే ఉన్నాను. భక్తులు కళ్ళు మూసుకుని, ఈరోజు హారతి చాలా ఘనంగా ఇస్తున్నారనుకున్నారు. ఆ కథ చెప్పి బావని నవ్వించి నవ్వించి కళ్ళనీళ్ళు తెప్పించాం.

ఆ చలికాలంలో ఒక శనివారం షావుకారు రాళ్ళు పేర్చి, "మేష్టారూ, పెళ్ళికొడుకు బరువుకి వచ్చీసినారు!" అని అరిచాడు. ఇంత గెలుపుకి పకోడీ చాలదనిపించింది. మర్నాడు అందరం అక్కతో సహా బస్సెక్కి సోంపేట మీదుగా బారువ సముద్రానికి వెళ్ళాం. అక్క పులిహోర కట్టింది. పంతులుగారు అలవాటయిన దండ కాక ఇంకా పెద్దది తెచ్చి బావ మెడలో వేశారు. ఇసకలో ఆరేసిన ఎండుచేపల పక్కనించి నడుస్తూంటే, బావకి హుషారు పుట్టి, "ఒరే బామ్మర్దీ, ఆ పడవకాడికి పందెం! తగ్గినోడి తడాకా సూద్దువు గాని" అని పంచె ఎగ్గట్టి పరుగు తీశాడు. నేను రెండడుగులు వేసి ఆగిపోయాను, అలవాటుగానే. ఆయన పడవ దాకా వెళ్ళాడు. దాన్ని చేత్తో తాకాడు. మాకేసి తిరిగి చెయ్యి ఊపి, అలాగే కూలబడిపోయాడు.

ముందు నవ్వాం. వేళాకోళం అనుకున్నాం. అక్క ఒక్కతే నవ్వలేదు. "ఒలమ్మో, లెగలేదర్రా!" అంటూ పరిగెత్తింది. మేం వెళ్ళేసరికి బావ పిలిచినా పలకడం లేదు, ఊపిరి బరువుగా తీస్తున్నాడు. ఎత్తడానికి నేనూ షావుకారూ నడుం బిగిస్తూండగానే పంతులుగారు వంగి, రెండు చేతులూ కిందికి పోనిచ్చి, ఒక్కరే ఎత్తేశారు. ఎత్తి, కదలకుండా నిలబడిపోయారు. "ఇదేమిటి నాయనా, ఏమీ లేడే" అన్నారు. ఇన్నాళ్ళూ మేం చప్పట్లు కొట్టింది దేనికో ఆ క్షణాన అర్థమైనట్టుంది. ఆయన ముఖం నేను చూడలేకపోయాను.

చేపలవాళ్ళు బండి కట్టి ఇచ్చారు. సోంపేటలో డాక్టరు చూసి, "ఎన్నాళ్ళనించి తగ్గిపోతున్నారు?" అని అడిగాడు. షావుకారు పాపం అలవాటు కొద్దీ, "వారం వారం బావూ! ఒక్క వారం తప్పనేదు" అన్నాడు, కొంచెం గర్వంగా కూడా. డాక్టరు మమ్మల్ని చూశాడు. బావ మెడలో నలిగిన దండ చూశాడు. "ఈ దండ ఏమిటి?" అన్నాడు. అక్క మెల్లిగా దండ తీసి కొంగులో ఉంచుకుంది. అది చక్కెర జబ్బు, బాగా ముదిరింది, విశాఖపట్నం తీసుకెళ్ళండి అని చెప్పి, ముందుగా ఏదో సూది వేశాడు.

విశాఖపట్నంనించి బావ లేచి నడిచి వచ్చాడు, కాని సగం మనిషి వచ్చాడు. రోజూ సూది. ఆ మందు రైల్లో తెప్పించి, తడిగుడ్డ చుట్టి నీళ్ళకుండ దగ్గర పెట్టేది అక్క. తగ్గుదల సంఘానికి పేరు మాత్రం అలాగే ఉండిపోయింది, పని తిరగబడింది. ఇప్పుడు బావ పెరగాలి. పంతులుగారు వాళ్ళ ఆవుపాలు తెచ్చేవారు. షావుకారు డాక్టరునడిగి, తినవచ్చన్నవన్నీ మోసుకొచ్చేవాడు. శనివారం శనివారం బావని రిక్షాలో కొట్టుకి తీసుకెళ్ళేవాళ్ళం. ఒక శనివారం ముల్లు ఆయనవైపు వాలింది. అందరం గెంతాం. కళ్ళెత్తి చూస్తే, షావుకారు చెయ్యి బావ కూర్చున్న వైపు తాడు మీద ఉంది, కిందికి నొక్కుతూ. బావ ఆ చేతిని చూసి నవ్వాడు. "షావుకారూ, నీ సెయ్యి కూడా నా బరువులోనే కట్టీసినావేటి?" అన్నాడు. జీడిపప్పు ఏరేవాళ్ళు నవ్వారు. షావుకారు లెక్క తప్పినట్టు రాళ్ళ మీదికి వంగి, పేర్చినవే మళ్ళీ పేర్చాడు. ఆ వేళ కూడా దండ వేశాం. బావ వేయించుకున్నాడు, మా కోసం.

వానాకాలంలో చెప్పు కరిచి పాదానికి చిన్న పుండయింది. అది మానలేదు, పైకి పాకింది. మళ్ళీ విశాఖపట్నం వెళ్ళేలోపే, ఒక మధ్యాహ్నం, అక్క మజ్జిగ కలుపుతూండగా బావ పోయాడు. పాడె మోయడానికి బంధువులు ముందుకొస్తే షావుకారు అడ్డం పడ్డాడు. "మేము మోత్తాం. మాకలవాటే" అన్నాడు. ఒకరోజు కూడా ఎవరినీ మోసిన అలవాటు లేదు మాకు. అయినా ఎవరూ కాదనలేదు. ముందు పంతులుగారూ షావుకారూ, వెనక నేనూ ఇంకొకరూ. దారిలో ఎవరం భుజం మార్చుకోలేదు. మార్చుకోవలసిన బరువు లేదు.

ఆ తరవాత సంఘం నడవలేదు. నాకు పెళ్ళయింది, బదిలీలయ్యాయి, బొజ్జ మాత్రం ఎక్కడికీ బదిలీ కాలేదు. ఇప్పుడు మా వీధి డాక్టరు కుర్రాడు నా రక్తం పరీక్షలు చూసి, "తాతగారూ, మీరు కాస్త తగ్గాలి" అంటాడు. తలూపుతాను. నడుస్తాను కూడా. కిందటేడు నిజంగానే కొంచెం తగ్గి, పాత చొక్కా వేసుకుని, ఎవరైనా మెచ్చుకుంటారేమోనని చిన్నపిల్లాడిలా ఆశపడుతూ, అక్కని చూడడానికి కాశీబుగ్గ వెళ్ళాను. అక్కకి చూపు మందగించింది. గుమ్మంలోనే నా రెండు భుజాలూ పట్టుకుని తడిమింది. చేతులు, మెడ, పొట్ట. మళ్ళీ భుజాలు. "ఏటిరా, తగ్గినావేటి?" అంది. "నేదే అక్కా, చొక్కా వదులు" అన్నాను. నమ్మలేదు. పీట వేసి కూర్చోబెట్టి, అన్నం పెట్టి, పక్కనే కూర్చుంది. నెయ్యి వేసింది, మళ్ళీ వేసింది. ఆ డాక్టరు కుర్రాడు గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను. తరవాత బుద్ధిగా, ఆమె చాలనేదాకా తిన్నాను.