చుక్క దూకని మూడో బోదె

ఆ రోజుల్లో మా ఇంట్లో ఆడపిల్ల ఖాళీ చేతులతో కనబడితే మా అమ్మ ఊరుకునేది కాదు. కూర్చుంటే చింతపండులో గింజలు తియ్యాలి, నడిస్తే దారిలో దొరికిన పుల్లా పుడకా ఏరుకు రావాలి, ఎవరింటికైనా పరామర్శకి వెళ్తే ఏడుస్తూనే వాళ్ళ బియ్యంలో రాళ్ళు ఏరిపెట్టాలి (అబద్ధం కాదు, నేనే ఏరాను, రెండు చాటలు). ఆ అలవాటు ఈ వయసులోనూ నన్ను వదల్లేదు. మా కోడలు టీవీ ముందు ఊరికే కూర్చుంటే నాకు ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుంటుంది. ఆమె ఒళ్ళో నాలుగు చిక్కుడుకాయలు పడేసి గానీ పక్కకి వెళ్ళను. పిసినారి ముసలమ్మ అని వీధిలో నాకు పేరు. ఉండనివ్వండి. కానీ ఊరికే ఉండలేని ఈ చేతులే ఒకసారి మా ఇంట్లో అన్నం కుండని పడదోశాయి. ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నవ్వొచ్చే సంగతే లెండి. మీకు నవ్వొస్తే నవ్వండి.

మా నాన్న సామర్లకోట స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. మా గుర్రం పేరు చుక్క, నుదుటి మీద పాలు చిలికినట్టు తెల్ల మచ్చ ఉండేది. నన్ను మూడో తరగతిలోనే బడి మాన్పించి చేతికి కొడవలి ఇచ్చారు. పొద్దున్నే గట్ల మీద పడి గడ్డి కోసి, స్టాండులో ఉన్న నాలుగు గుర్రాలకీ నాలుగు మోపులు తెచ్చి వెయ్యడం నా పని. అందరూ గడ్డిపిల్ల అనేవారు. నా అసలు పేరు ఆ స్టాండులో ఒక్కరికీ తెలియదు, అక్కడి గుర్రాల పేర్లు మాత్రం ఊరందరికీ తెలుసు. నాకెప్పుడూ బాధ అనిపించలేదు. ఊళ్ళో మనుషుల కంటే నాకూ గుర్రాల సంగతులే బాగా తెలిసేవి. మోపు ముందు పడెయ్యగానే ఏది ఎలా తింటుందో చూస్తే చాలు, ఆ రోజు దానికి ఒంట్లో ఎలా ఉందో, దాని మనసులో ఏముందో చెప్పేసేదాన్ని. చాలాసార్లు నిజమయ్యేది కూడా. అక్కడే నాకు పొగరు పట్టింది.

మాకు మంచి రోజులు అప్పటికే అయిపోవస్తున్నాయి. స్టేషన్ బయట రిక్షాలు బారులు కట్టేవి. ఆ ఏడే ఆటోలు కూడా దిగాయి. రైలు దిగినవాళ్ళు జట్కా వైపు చూసేది, గుర్రం అడ్డంగా ఉంది తప్పుకోమని చెప్పడానికే. అలాంటప్పుడు రైసుమిల్లు కామందు గారు ఒక కబురు పంపారు. బంగళాకి ఒక జట్కా ఎప్పుడూ కావాలి, ఆడపిల్లల్ని బడికి దించాలి, వచ్చే చుట్టాల్ని స్టేషన్ నుంచి తేవాలి, గుర్రం మేత కూడా బంగళాదే. ఒక్క బండికే చోటు. అది కుదిరినవాడి పొయ్యి వెలుగుతుంది, కుదరనివాడు గుర్రాన్ని అమ్ముకోవాలి. స్టాండులో నలుగురికీ ఆ ముక్క ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

నలుగురూ వెళ్ళి బంగళా అరుగు కింద నిలబడ్డారు. నేను నాన్న వెనకాల.

"ఎవరి గుర్రం మంచిదయ్యా మీలో?" అన్నారు కామందు గారు.

"నాదేనండి, ఆయ్" అన్నాడు మీసాల బాబాయి. (బాబాయి అంటే వరసకి కాదు. అంత మీసాలున్న మనిషిని పేరుపెట్టి పిలిచే ధైర్యం ఎవరికీ లేక.)

"నాదండి" అన్నాడు మూడో బండాయన. నాలుగో బండి దగ్గు తాత కూడా ఏదో అనబోయాడు, దగ్గొచ్చి ఆగిపోయాడు. మా నాన్న నేల చూశాడు.

"ఇలాగైతే తేలదుగానీ, పందెం పెడదాం" అన్నారు ఆయన. పట్నంలో ఎక్కడో గుర్రాలు కంచెలు దూకుతూ పరిగెత్తే పందెం చూసొచ్చారట, అప్పట్నుంచీ ఆయనకి అదే కల. మా ఊళ్ళో కంచెలెక్కడివి? మిల్లు వెనక ఆయన చేలున్నాయి. ఎండాకాలం, కాలవలు కట్టేశారు, చేలు నెర్రెలు విచ్చి ఉన్నాయి, బోదెల అడుగున మాత్రం కాస్త బురద మిగిలింది. కళ్ళం దగ్గర బయల్దేరి, చేలకి నీళ్ళు పారే మూడు బోదెలూ దూకి, ముందుగా మోటారు షెడ్డుని ముట్టుకున్నవాడిదే బంగళా బండి. జీను లేదు, గోనెసంచి మీద కూర్చుని తోలుకోవడమే.

పందెం వారం ఉందనగా నా దశ తిరిగింది. ఏ గుర్రం గెలుస్తుందో గడ్డిపిల్లకి తెలుసని ఎవరో పుట్టించారు. కాఫీ హోటల్లో ఇడ్లీ పందేలు కాసేవాళ్ళందరూ నా చుట్టూ చేరేవారు. నేను కూడా గడ్డిమోపు మీద కూర్చుని, అందరికీ విడివిడిగా చెప్పేదాన్ని (చేతులు ఖాళీగా ఉంచకుండా, తాళ్ళు పేనుతూనే). మీసాల బాబాయి గుర్రం దొరసాని చూడ్డానికి పెళ్ళికూతురే, కానీ మంచుకి తడిసిన గడ్డి వేస్తే మూతి తిప్పేస్తుంది, తడి అంటే దానికి చీదర, బోదె అడుగున బురద చూసిందంటే కాలు పెట్టదు. మూడో ఆయన ఎర్రోడికి బలం ఉంది, బుద్ధి లేదు. ఎంత తింటున్నా రైలు కూత వినపడితే నోట్లో గడ్డి నోట్లోనే వదిలేసి స్టేషన్ వైపు తిరుగుతుంది. దగ్గు తాత ముసల్ది గురించి అడక్కండి, దానికి పళ్ళూ లేవు, చెవులూ వినపడవు, గడ్డి నేను చిన్నచిన్నగా తరిగి పెట్టాలి. దానికి మొదటి బోదే ఆఖరి బోదె.

"మరి చుక్క?" అనేవారు.

"చుక్కకి ఎదురేంటండి? నేను గట్టు మీద గడ్డి కోస్తుంటే, బోదె అవతల కట్టేసిన గుర్రం పలుపు తెంపుకుని, ఒక్క ఎగురుకి ఇవతలికొచ్చి నా మోపులో మూతి పెడుతుంది. రోజూ అంతే. దూకడం దానికి కొత్త కాదు."

ఇంత చెప్పిన దాన్ని, నేను చెప్పిందే నేను వినలేదు.

ముందురోజు సాయంత్రం నాన్న చుక్కని మాలిష్ చేస్తుంటే ఇంకో సలహా కూడా ఇచ్చాను. జట్కా గుర్రానికి కళ్ళకి రెండు పక్కలా తోలు గంతలుంటాయి, ఎదురుగా రోడ్డు తప్ప పక్కన ఏముందో కనపడకుండా.

"నాన్నా, రేపు గంతలు తీసెయ్యి."

"ఎందుకే?"

"బోదె బాగా కనపడొద్దా? సగం చూసి దూకితే కాలు విరుగుతుంది."

నాన్న కొంచెం ఆలోచించాడు. "గంతల్లేకుండా అదెప్పుడూ పరిగెత్తలేదమ్మా."

"దానికి నేను చెప్తాలే" అన్నాను. గుర్రానికి నేను చెప్తానట. నా వయసు అప్పటికి పన్నెండు.

నాన్న గంతలు తీశాడు. ఆయన ఎవరి మాటా కాదనే మనిషి కాదు, అదే ఆయన ఖర్మ.

పందెం రోజు ఊరంతా చేలో ఉంది. నేను ఆఖరి దూకు దగ్గరగా చూడాలని మూడో బోదె దగ్గరికి పోయాను. అక్కడే నా పాలిట శని కూర్చుంది. ఊరంతా ఎండి గడ్డిపోచకి కరువైన రోజుల్లో, ఆ బోదె వార, పందెం దారికి నలభై అడుగుల దూరంలో, ఎక్కణ్ణుంచో నీరూరి, మోకాలెత్తు గరిక! పచ్చగా, మెత్తగా. వారం రోజుల్నుంచీ మైళ్ళు తిరిగి పిడికెడు పిడికెడు కోసుకొస్తున్నదాన్ని. కొడవలి ఎలాగూ నడుముకే ఉంది. పందెం మొదలయ్యేదాకా ఊరికే నిలబడ్డం ఎందుకు? మా అమ్మ గొంతు చెవిలో వినపడినట్టయింది. కూర్చుని కొయ్యడం మొదలుపెట్టాను.

కేకలు వినపడి తలెత్తేసరికి గుర్రాలు బయల్దేరిపోయాయి. నేను చెప్పినవి చెప్పినట్టే జరుగుతున్నాయి. దొరసాని మొదటి బోదె అంచున నాలుగు కాళ్ళూ పాతేసింది; మీసాల బాబాయి ఒక్కడే బోదె దూకాడు, దాని తల మీదుగా. లేచి మీసాల్లో బురద తుడుచుకుంటూ, "దీని సిగతరగ, దిగవే!" అని బతిమాలుతున్నాడు, తిడుతున్నాడు. రెండో బోదె దాటాక పొద్దుటి పాసింజరు కూత వేసింది. అంతే, ఎర్రోడు మెడ తిప్పి, కామందు గారి మాగాణికి అడ్డంపడి, మీద మనిషితో సహా తిన్నగా స్టేషన్‌కి పోయింది. ప్లాట్‌ఫారం బయట తన చోట తను నిలబడిందని తర్వాత తెలిసింది. ఇంక నా చుక్క. గాలిలో తేలుతున్నట్టు వస్తోంది. నాన్న అలా నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు, పై పళ్ళన్నీ కనపడుతున్నాయి. ముసల్ది ఎక్కడో వెనకాల, బోదెలోకి దిగి, బోదెలోంచి ఎక్కి, పెళ్ళికి ఆలస్యమైన పెద్దావిడలా నడిచొస్తోంది.

ఆనందం పట్టలేక లేచి నిలబడ్డాను. మోపు చంకలో ఉంది.

చుక్క పక్కకి చూసింది.

గంతలుంటే చూసేది కాదు. నేను ఆ గరిక కొయ్యకపోయినా చూసేది కాదేమో. పరుగు తగ్గించింది, నడకైంది, మెడ నా వైపు తిరిగింది. "చుక్కా! చుక్కా! ముందుకమ్మా, ముందుకి!" అని నాన్న మడమలతో పొడుస్తూనే ఉన్నాడు. "పోవే, అటు పోవే!" అని నేను చెయ్యి ఊపాను. ఊపిన చేతిలోనూ గడ్డే ఉంది. అది వచ్చి, రోజూ వచ్చినట్టే వచ్చి, నా మోపులో మూతి పెట్టింది. మోపు పారేసి పారిపోవాల్సిందని ఇప్పుడు తోస్తుంది. అప్పుడు తోచలేదు. అంత గడ్డి ఎలా పారేస్తాను?

మా ముందు నుంచే ముసల్ది బోదెలోకి దిగింది, ఎక్కింది, వెళ్ళి షెడ్డు గోడకి మూతి ఆనించింది. దగ్గు తాతకి తను గెలిచానని చాలాసేపటిదాకా తెలియలేదు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. కామందు గారికి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. "గడ్డిపిల్ల జోస్యాన్ని గుర్రం మేసేసిందిరోయ్!" అని అరిచాడు మీసాల బాబాయి. ఆయన గుర్రం ఇంకా మొదటి బోదె దగ్గరే ఉంది.

నాన్న దిగాడు. కొడతాడనుకుని కళ్ళు మూసుకున్నాను. కళ్ళెం తీస్తున్న చప్పుడు వినపడింది.

"తిననీ" అన్నాడు. "ఎలాగూ ఆగింది కదా."

మోపు అయిపోయేదాకా ముగ్గురం అక్కడే నిలబడ్డాం. జనం వెళ్ళిపోయారు.

ఇంటికెళ్ళాక మా అమ్మ పందెం సంగతి అడగలేదు, అప్పటికే తెలిసిపోయినట్టుంది. "కోసిన గడ్డేదే?" అంది.

"చుక్క తినేసింది."

అమ్మ పొయ్యి వైపు తిరిగింది.

పదిహేను రోజులకి పిఠాపురం వైపు నుంచి ఇటుకల బండి ఆయన వచ్చి చుక్కని తోలుకుపోయాడు. కొత్తాయన వెంట పోనని మొరాయిస్తుంటే నాన్న తోలు గంతలు తెచ్చి తనే కట్టాడు. తర్వాత అది బుద్ధిగా నడిచింది. నేను మోపు పట్టుకుని పక్కనే నిలబడ్డాను, దానికి కనపడలేదు. మా నాన్న ఆ ఏడే రిక్షా ఎక్కాడు. గుర్రం లాగిన బరువు మనిషి లాగడం ఎలా ఉంటుందో, రైల్వే గేటు దగ్గర ఎత్తులో ఆయన దిగి తోస్తుంటే చూశాను. పందెం గురించి ఒక్కనాడూ నన్ను దెప్పలేదు. దెప్పి ఉంటే బాగుండేది. అప్పట్నుంచీ ఎవరు గెలుస్తారు, ఎవరు ఓడతారు అని నన్నెవరైనా అడిగితే, ఎలక్షన్లైనా క్రికెట్టైనా, నాకు తెలియదనే చెప్తాను. మా అబ్బాయి నన్ను అమాయకురాలనుకుంటాడు.

మొన్న మనవరాలి స్కూల్లో ఆటలపోటీలు. కర్రలు అడ్డం పెట్టి దూకుతూ పరిగెత్తే పందెం అట. పేరు వినగానే రానన్నాను. పిల్ల ఏడిస్తే వెళ్ళాను. గీతలు గీసిన దారి పక్కనే కుర్చీ వేశారు. ఆ గోడ వార చూద్దును కదా, ఎవరూ ముట్టని పొన్నగంటి కూర, రెండు పూటలకి సరిపడా! వేళ్ళు ఒకటే లాగాయి. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని, ఒళ్ళో పెట్టుకుని, బొమ్మలా కూర్చున్నాను. బుద్ధొచ్చినదాన్ని కదా.

పిల్ల అందరికంటే ముందుంది. మూడు కర్రలు దూకింది. నా ఎదురుగా వచ్చేసరికి పక్కకి చూసింది. "మామ్మా!" అని కేకేసి చెయ్యి ఊపింది, నాలుగో కర్రకి కాలు తగిలింది, కర్ర పడింది, తను పడలేదు. మిగతా పిల్లలు వెళ్ళిపోయారు. ఇది మాత్రం గీత దాటి తిన్నగా నా దగ్గరికొచ్చి, రొప్పుతూ నా మోకాళ్ళు పట్టుకుంది.

"ముందు చూసి పరిగెత్తాలి గానీ పక్కచూపులేంటే, మొద్దుమొహమా!" అని కసిరాను.

"నువ్వు కనపడ్డావు కదా మామ్మా" అంది.

ఇన్నేళ్ళూ చుక్క గడ్డి కోసమే వచ్చిందని ఖాయం చేసుకుని బతికినదాన్ని. కొంగు విప్పి నా చేతులు చూసుకున్నాను. గడ్డిపోచ కూడా లేదు.